ఆదోని వైపు ఎర్రనేల, రేగడి కలగలిసిన పరివాహకం: ఈ మూడు గుంతల్ని ఏమని రాయాలి?

వంకపక్క (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కర్నూలు జిల్లా పడమర, ఆదోని–ఆలూరు మధ్య సుమారు 640 హెక్టార్ల చిన్న పరివాహకానికి 1:10,000 స్కేలులో నేలల పటం తయారవుతోంది. రాయి అంతా గ్రానైట్ నైస్. పైన రాతి తిప్పలు, వాటి కింద గరుసు నేల, ఆ దిగువ ఎర్రనేల, వంక పక్కన రేగడి. 14 గుంతలు తీశాం. ఎర్రనేలతో పెద్ద పేచీ లేదు. రేగడి అనుకున్న మూడు గుంతల దగ్గరే పని ఆగింది.

గుంత 9: వంకకు 150 మీటర్ల దూరం, వాలు 1 శాతం లోపు. 0–18 సెం.మీ. బంక (క్లే) 44 శాతం, పీహెచ్ 8.4. 18–55 బంక 48, పీహెచ్ 8.8. 55–100 బంక 50, పీహెచ్ 9.1. 100–130 బంక 46, సున్నం 17 శాతం, తెల్లటి గుళ్లు. దాని కింద కుళ్లిన రాయి. తడి రంగు 10వైఆర్ 3/1 (మున్సెల్ రంగుల పుస్తకంలో బాగా ముదురు బూడిద). ఏప్రిల్‌లో వేలు దూరేంత నెర్రెలు. 60 సెం.మీ. కింద మెరిసే ముఖాలు ఉన్నాయి గానీ అవి స్లికెన్‌సైడ్సేనా అన్నది తేలడం లేదు.

గుంత 11: మొత్తం లోతు 60 సెం.మీ., కింద గట్టి గరుసు రాయి. బంక 38 శాతం. నెర్రెలు ఉన్నాయి, మెరుపు ముఖాలు లేవు.

గుంత 6: ఎర్రనేలల నడుమ నల్లని చేను. పై 22 సెం.మీ. నలుపు, బంక 36. దాని కింద ఎర్రటి మట్టి, బంక 28.

వాతావరణానికి ఐఎండీ (భారత వాతావరణ విభాగం) 0.25 డిగ్రీల గ్రిడ్ వాన లెక్కలు 30 ఏళ్లవి తీసుకుని, నెలవారీ సగటు కట్టి, న్యూహాల్ మోడల్‌లో (వాన, ఉష్ణోగ్రతల నుంచి నేల తేమను అంచనా వేసే లెక్క) 200 మి.మీ. నీటి నిల్వతో నడిపాం. అన్నిటికీ 'అరిడిక్' (ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉండే తేమ విధానం) అని వచ్చింది. అంటే ఎర్రనేలలన్నీ అరిడిసాల్స్ (అమెరికా సాయిల్ టాక్సానమీలో శుష్క నేలల ఆర్డర్) అని రాయాలా? పాత నివేదికలో రేగడికి 'టిపిక్ పెల్లుస్టర్ట్' అని ఉంది, అదే పేరు వాడేయొచ్చా? వాలు పటం 30 మీటర్ల డీఈఎం (నేల ఎత్తుల డిజిటల్ పటం) నుంచి తీశాం. వంక పక్క చదునులో కూడా అక్కడక్కడా 3–5 శాతం చూపిస్తోంది, అదీ అర్థం కావడం లేదు.

గడ్డపార

పేరు సంగతి తర్వాత చూద్దాం. ముందు గుంత 9లో ఆ మెరుపేమిటో తేల్చండి, మిగతాదంతా దానిమీదే ఆధారపడి ఉంది.

మెరిసే ముఖాలు మూడు రకాలు. ఒకటి పార చేసిన మెరుపు. తడి బంకను పార కోసుకుంటూ పోతే అద్దంలా నున్నగా వస్తుంది, అది పార పోయిన దిక్కునే, ఒకే తలంలో ఉంటుంది. రెండోది ఒత్తుడు ముఖం. పెళ్లలు ఉబ్బి ఒకదాన్నొకటి నొక్కుకుంటే నున్నబడుతుంది, కానీ గీతలుండవు. మూడోదే స్లికెన్‌సైడ్. ఒక మట్టి దిమ్మ ఇంకో దిమ్మ మీద జారడం వల్ల ఏర్పడుతుంది గనక జారిన దిక్కున సన్నని గాళ్లు, గీతలు పడతాయి. రెండు మూడు తలాలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి. అడ్డంగా ఉన్న నేలతో 10 నుంచి 60 డిగ్రీల వంపులో ఉంటాయి.

చూసే పద్ధతి: గుంత తీసిన రోజే తేల్చకండి. ముఖాన్ని ఒకటి రెండు రోజులు ఆరనివ్వండి. ఆరిన కొద్దీ పెళ్లలు వాటి సహజమైన అతుకుల దగ్గర విడతాయి. అప్పుడు పార పక్కన పెట్టి, కత్తి మొన పగులులో పెట్టి తిప్పితే పెళ్ల ఊడి చేతిలోకి వస్తుంది. ఊడిన ముఖాన్ని ఎండకు ఏటవాలుగా పట్టి చూడండి, గీతలుంటే నీడ పడి కనిపిస్తాయి. గోటితో అడ్డంగా గీస్తే గాళ్లు తగులుతాయి కూడా. మీరు పిక్కాసుతో చెక్కిన ముఖం మీద వెతికి ఉంటే ఎంత వెతికినా దొరకవు.

వెతకాల్సింది 50–100 సెం.మీ. మధ్య. పైన బరువు చాలదు, మట్టి పక్కకు జారకుండా పైకి లేస్తుంది. మరీ కింద తేమ ఏడాది పొడుగునా పెద్దగా మారదు గనక ఉబ్బడం, కుంగడం తక్కువ.

లెక్క ఇలా ఉంటుంది. స్లికెన్‌సైడ్సో, చీలిక ఆకారపు పెళ్లలో ఉన్న పొర 25 సెం.మీ. మందం ఉండాలి, దాని పై అంచు 100 సెం.మీ. లోపు ఉండాలి. పైనుంచి 50 సెం.మీ. వరకు బంక 30 శాతానికి తగ్గకూడదు. నెర్రెలు విచ్చి మూసుకుంటూ ఉండాలి. మూడూ కుదిరితే వర్టిసాల్ (ఉబ్బి, కుంగి నెర్రెలిచ్చే బంక నేలల ఆర్డర్). గుంత 9లో బంక, నెర్రెలు సరిపోయాయి. 55–100 పొరలో 25 సెం.మీ. మేర గీతలు చూపిస్తే చాలు.

పాత పేరు మాత్రం వాడొద్దు. పెల్లుస్టర్ట్, క్రోముస్టర్ట్ అనే గ్రేట్ గ్రూపులు 1992 కీస్‌తోనే (ఆ వర్గీకరణ చేతిపుస్తకం) పోయాయి. అప్పట్లో రంగు గాఢత చూసి విడదీసేవారు. ఇప్పుడు ఆ చోట హాప్లుస్టర్ట్, కాల్సియుస్టర్ట్ లాంటివి ఉన్నాయి, రంగు ఉపవర్గంలోకి దిగింది. పాత నివేదికలో సోడియం, సున్నం లెక్కలు లేకపోతే పేరును కొత్తదానిలోకి మార్చడం కుదరదు. చాలా నివేదికల్లో 'పెల్లు' తీసేసి 'హాప్లు' తగిలించేస్తున్నారు, అది తప్పు.

సున్నం పొర 100 సెం.మీ. దగ్గర మొదలైందన్నారు. ఇక్కడే జాగ్రత్త. కాల్సిక్ పొర (సున్నం పేరుకున్న పొర) పై అంచు 100 లోపు ఉంటే అది కాల్సియుస్టర్ట్, దాటితే హాప్లుస్టర్ట్. రేగడిలో పొరల అంచులు టేపు కట్టినట్టు ఉండవు, అలల్లా పైకీ కిందికీ పోతాయి. ముఖం ఒక మూల టేపు వేసి 100 అని రాసుకుంటే ఇంకో మూల 85 ఉండొచ్చు. ముఖం వెడల్పు మొత్తం మీద కనీసం ఐదు చోట్ల కొలవండి. కుళ్లిన రాయి నుంచి కూడా ఒక నమూనా తీయండి. 15 సెం.మీ. మందం, 15 శాతం సున్నం ఉన్నంత మాత్రాన కాల్సిక్ కాదు. కింది పొర కంటే 5 శాతం ఎక్కువైనా ఉండాలి, లేదా అక్కడికక్కడే పేరుకున్న సున్నం పరిమాణంలో 5 శాతమైనా కనిపించాలి. గుళ్లు కూడా చూసి రాయండి. మెత్తగా, పొడిపొడిగా, అంచులు మట్టిలో కలిసిపోయి ఉంటే అక్కడే పుట్టినవి. గట్టిగా, గులకరాయిలా నున్నగా, పైన నల్లపూత ఉంటే పైనుంచి కొట్టుకొచ్చినవీ కావచ్చు, వాటిని ఈ లెక్కలో కలపకూడదు.

బీకరు

గడ్డపార గారు చెప్పిన దానికి ల్యాబ్ వైపు నుంచి.

పీహెచ్ 9.1 అంటే కారుచౌడు (సోడియం ఎక్కువైన నేల) లక్షణం లోపల మొదలైందని అనుమానించాలి. చేను పైన ఏమీ కనిపించకపోవచ్చు, పైపొర 8.4 దగ్గరే ఉంది కదా. పొడి వాతావరణంలో మట్టి నీటిలోని కాల్షియం సున్నంగా పేరుకుపోతుంది, ఖాళీ అయిన చోట బంక రేణువుల మీద సోడియం చేరుతుంది. అందుకే లోతుకు పోయేకొద్దీ సున్నం, పీహెచ్ రెండూ కలిసి పెరుగుతాయి. ఇక ఇ.ఎస్.పి. (సి.ఇ.సి.లో, అంటే నేల పట్టి ఉంచగల మొత్తం ధన అయాన్లలో, మార్పిడి సోడియం శాతం) తప్పనిసరి. 100 సెం.మీ. లోపు ఏ పొరలోనైనా 15 తాకితే హాప్లుస్టర్ట్స్‌లో అది 'సోడిక్' ఉపవర్గం. కీలో సోడిక్ ముందు వస్తుంది, కాల్సిక్, అరిడిక్ తర్వాత వస్తాయి. ముందు ఏది సరిపోతే అదే పేరు.

ఇ.ఎస్.పి. కట్టేటప్పుడు సాధారణంగా జరిగే తప్పు: సున్నపు నేలలో అమోనియం అసిటేట్ పోస్తే అది సున్నాన్ని కూడా కొంత కరిగిస్తుంది. కాల్షియం ఎక్కువ చూపిస్తుంది, క్షారాల మొత్తం సి.ఇ.సి.ని దాటిపోతుంది. ఆ మొత్తంతో భాగిస్తే ఇ.ఎస్.పి. తక్కువ వస్తుంది. మచ్చుకి, మార్పిడి సోడియం 6.3, సి.ఇ.సి. 38, క్షారాల మొత్తం 52 అనుకోండి. 38తో భాగిస్తే 16.6 శాతం, సోడిక్. 52తో భాగిస్తే 12.1 శాతం, సోడిక్ కాదు. నేల అదే, పేరు మారిపోయింది. కాబట్టి సి.ఇ.సి.ని పీహెచ్ 8.2 సోడియం అసిటేట్ పద్ధతిలో విడిగా కొలిచి దానితోనే భాగించాలి. నీళ్లలో కరిగే సోడియాన్ని సంతృప్త ముద్ద సారం నుంచి కొలిచి ముందే తీసేయాలి. తీయకపోతే పాలచౌడు (కరిగే లవణాలు ఎక్కువున్న) చేను కూడా కారుచౌడులా కనిపిస్తుంది.

మీ పీహెచ్ 1:2.5 నీటిలోదా, సంతృప్త ముద్దలోదా రాయలేదు. పలచన చేసిన కొద్దీ ఇలాంటి నేలల్లో పీహెచ్ పైకి పోతుంది. పాత నివేదికతో పోల్చే ముందు రెండూ ఒకే పద్ధతివా చూసుకోండి.

బంక శాతం మీద ఒక మాట. హైడ్రోమీటరును రెండు గంటల రీడింగు దగ్గర ఆపితే సన్న సిల్ట్ కూడా బంక ఖాతాలో పడుతుంది. గుంత 9కి దీనితో నష్టం లేదు, 30 గీతకు చాలా పైన ఉంది. గుంత 6, 11 లాంటి వాటికి పిపెట్ పద్ధతి చేయించండి. చెదరగొట్టడానికి సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ వేశాక కూడా సిలిండరులో మట్టి కాసేపటికే ముద్దలు కట్టి దిగిపోయి, పైన తేట నీళ్లు నిలిస్తే లవణమో జిప్సమో అడ్డొస్తోందని అర్థం. కడిగి మళ్లీ మొదలుపెట్టాలి. ఆ రీడింగు రాసుకుంటే రేగడి కూడా ఇసుక నేల అయిపోతుంది.

ఇక గుంత 11. స్లికెన్‌సైడ్స్ లేవు గనక వర్టిసాల్ కాదు, కాంబిక్ పొర (కొద్దిగా మార్పు చెందిన కింది పొర) ఉంటే హాప్లుస్టెప్ట్ (ఇంకా పూర్తిగా ఎదగని ఇన్‌సెప్టిసాల్ నేలల్లో ఒకటి). 'వర్టిక్' అనాలంటే రెండు దారులు. 5 మి.మీ. వెడల్పు నెర్రెలు 30 సెం.మీ. మందం మేర ఉండి, దానితో పాటు స్లికెన్‌సైడ్స్ ఉన్న పొర 15 సెం.మీ. ఉండాలి. లేదా 100 సెం.మీ. వరకు, దానికి ముందే రాయి తగిలితే అక్కడివరకు, మొత్తం సాగుడు 6 సెం.మీ. ఉండాలి. ఆ సాగుడు ప్రతి పొర మందాన్ని దాని కోల్ విలువతో (ఎండిన మట్టి తడిస్తే పొడవు ఎంత వంతు పెరుగుతుందో చెప్పే అంకె) హెచ్చించి కూడితే వస్తుంది.

కోల్ కొలవడానికి పెళ్లకు రెజిన్ పూసే సదుపాయం లేకపోతే కడ్డీ పద్ధతి ఉంది. 2 మి.మీ. జల్లెడ పట్టిన మట్టిని సంతృప్త ముద్ద కంటే కాస్త పలచగా కలిపి ఒక రోజు వదిలేయండి. మూతి కోసేసిన సిరంజితో 1 సెం.మీ. లావు, 6–10 సెం.మీ. పొడవు కడ్డీలు పిండండి. చివరలు చక్కగా కోసి కొలిచి, నీడలో ఒకటి రెండు రోజులు ఆరబెట్టి మళ్లీ కొలవండి. తడి పొడవు 10.0, ఎండిన పొడవు 9.2 అయితే 0.8ని 9.2తో భాగించాలి, 0.087. కొందరు 10తో భాగిస్తారు, తప్పు. 0.06–0.09 అంటే ఎక్కువ, 0.09 పైన చాలా ఎక్కువ. కడ్డీలో నేల కట్టుబాటు చెడిపోతుంది కాబట్టి పెళ్ల పద్ధతి కంటే విలువ ఎక్కువే వస్తుంది. ఏ పద్ధతో తప్పక రాయండి.

అంచనాకు, గుంత 9లో పొరలకు 0.07, 0.09, 0.08 వచ్చాయనుకుంటే 18×0.07 + 37×0.09 + 45×0.08 = 8.2 సెం.మీ., 6 దాటింది. గుంత 11లో పై 22కి 0.05, కింద 38కి 0.065 వస్తే 3.6 మాత్రమే. 60 సెం.మీ. నేలలో 6 రావాలంటే సగటు కోల్ 0.10 ఉండాలి, 38 శాతం బంకతో అది కష్టం. కాబట్టి ఆ గుంతలో మెరుపు ముఖాలు నిజంగా లేవా అన్నది మళ్లీ చూడటమే మిగిలిన దారి.

'స్మెక్టిటిక్' (బాగా ఉబ్బే స్మెక్టైట్ ఖనిజం ఎక్కువున్నది) అని కుటుంబం పేరులో రాసేముందు ఎక్స్‌రే ఉండాలి. సి.ఇ.సి.ని బంకతో భాగిస్తే 0.7 దాటడం మంచి సూచన, అంతే.

ముంగారు

వాతావరణం లెక్కలో మూడు చోట్ల కాలు జారింది.

మొదటిది సగటు. 30 ఏళ్ల నెలవారీ సగటు కట్టి మోడల్‌ను ఒక్కసారి నడపడం సులువే, కానీ నిర్వచనం అడిగేది 'సాధారణ సంవత్సరాల్లో' నేల ఎన్ని రోజులు తడిగా ఉందని. ఏడాది వాన దీర్ఘకాల సగటుకు ఒక ప్రామాణిక విచలనం లోపు ఉండి, 12 నెలల్లో 8 నెలల వాన కూడా అలాగే ఉన్న ఏడాదే సాధారణ సంవత్సరం. కాబట్టి 30 ఏళ్లనూ విడివిడిగా నడిపి, సాధారణ సంవత్సరాలు ఏరి, వాటిలో ఎక్కువ వేటికి వచ్చిందో చూడాలి. సగటు ఏడాది అనేది ఎప్పుడూ రాని ఏడాది. అందులో సెప్టెంబరు దంచుడు వానా ఉండదు, జులైలో 25 రోజుల ఎండా ఉండదు, అన్నీ చదునైపోతాయి.

రెండోది 200 మి.మీ. నిల్వ. అది మోడల్ ముందే పెట్టుకున్న అంకె, మీ నేలది కాదు. 45 సెం.మీ. లోతు, పావు వంతు గరుసు ఉన్న ఎర్ర చెలకకు సెంటీమీటరుకు 1.1 మి.మీ. చొప్పున వేసుకుంటే 45×1.1×0.75, సుమారు 37 మి.మీ. 120 సెం.మీ. రేగడికి 1.8 చొప్పున 216 మి.మీ. ఒకే వాన కురిసిన రెండు చేలలో నీరు నిలిచే రోజులు ఇంత తేడా. పంటకాలం లెక్కలో కూడా ఇదే తంటా. వాన బాష్పోత్సేకంలో సగం కంటే తగ్గాక, నిల్వ ఉన్న 100 మి.మీ. వాడుకునే రోజులు కలపమంటుంది ఎఫ్ఏఓ (ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ) పద్ధతి. అక్టోబరులో రోజుకు 4.5 మి.మీ. చొప్పున 100 మి.మీ. అంటే 22 రోజులు. 37 మి.మీ. చెలకకు 8 రోజులే. చెలకలో వేరుశనగ ఎండుతుంటే పక్క రేగడిలో అక్టోబరులో శనగ విత్తుతున్నారంటే కారణం ఇదే. ఆ రెండు చేలకూ ఒకే పంటకాలం రాసిన నివేదికను రైతు ఎందుకు నమ్మాలి?

దీనికితోడు న్యూహాల్ లెక్కలో నేల చదును, పారుదల లేదు. మీ గుంత 9 వంక పక్కన ఉంది, పై తిప్పల నీళ్లు అక్కడికే దిగుతాయి. గరుసు నేల నుంచి నీళ్లు పోతాయి. కాబట్టి మోడల్ మొదటిచోట ఎండుదనం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, రెండోచోట తక్కువ.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. తేమ విధానం ఎర్రనేలకూ రేగడికీ ఒకే రకంగా పనిచేయదు. కీలో వర్టిసాల్స్ ముందు వస్తాయి, తర్వాత అరిడిసాల్స్, ఆ తర్వాతే ఆల్ఫిసాల్స్. ఎర్రనేలలో ఆర్జిలిక్ పొర (పైనుంచి బంక దిగి చేరిన పొర) ఉంటే, అరిడిక్ అయితే అరిడిసాల్, ఉస్టిక్ (అరిడిక్ కంటే కాస్త తేమ ఉన్న విధానం) అయితే ఆల్ఫిసాల్. అంటే ఆర్డరే మారిపోతుంది. రేగడికి ఆ బెంగ లేదు, వర్టిసాల్ వర్టిసాలే. దానికి ఉస్టర్ట్‌గా, టోరర్ట్‌గా విడదీసేది మోడల్ కాదు, నెర్రెలే. నీరు పెట్టని చేనులో 5 మి.మీ. వెడల్పు నెర్రెలు, పై 50 సెం.మీ.లో 25 సెం.మీ. మందం మేర, ఏడాదిలో మొత్తం 90 రోజులు తెరిచి ఉంటే ఉస్టర్ట్. 210 రోజులు దాటితే హాప్లుస్టర్ట్‌లో అరిడిక్ ఉపవర్గం. వరసగా 60 రోజులైనా మూసుకోకపోతే టోరర్ట్.

నెర్రెలను లెక్కపెట్టాలంటే 5 మి.మీ. ఇనుప కడ్డీ ఒకటి చాలు. పది రోజులకోసారి, గుర్తుపెట్టిన పది చోట్ల, 25 సెం.మీ. దిగుతుందా లేదా అని రాసుకోండి. చోట్లు గట్టు పక్కన దున్నని స్థలంలో పెట్టుకోవాలి. గుంటక తోలిన చేనులో పైన దుమ్ము కప్పేసి నెర్రె మూసుకున్నట్టు కనిపిస్తుంది, కింద మాత్రం తెరుచుకునే ఉంటుంది.

ఎర్రనేలకైతే తేమ చూడాల్సిన లోతు కూడా సరిగ్గా తీసుకోండి. ఫైన్ లోమీ, బంక నేలల్లో సుమారు 10–30 సెం.మీ., కోర్స్ లోమీలో 20–60, ఇసుకలో 30–90. అరిడిక్ అనాలంటే ఆ పొర మొత్తం సగానికి పైగా రోజులు ఎండి ఉండాలి, దానితో పాటు ఎక్కడో ఒకచోటైనా వరసగా 90 రోజులు తడి నిలవకుండా ఉండాలి. ఈ ప్రాంతం ఎన్.బి.ఎస్.ఎస్. (జాతీయ నేలల సర్వే సంస్థ) వ్యవసాయ పర్యావరణ పటంలో అనంతపురం–బళ్లారి శుష్క మండలం అంచున ఉంది, అటు తెలంగాణ వైపు పంటకాలం 90–150 రోజుల అర్ధశుష్క మండలం. అంచు మీద ఉన్న చోట 0.25 డిగ్రీల గ్రిడ్, అంటే సుమారు 27 కి.మీ. గడి, సరిపోదు. మండల వర్షమాపకం లెక్కలు తెచ్చి పోల్చండి.

ఉష్ణోగ్రత గురించి మీరు అడగలేదు గానీ తప్పు జరిగే చోటు కాబట్టి చెబుతున్నా. 'ఐసో' (వేసవి, చలికాలాల నేల ఉష్ణోగ్రత తేడా 6 డిగ్రీల లోపు) అవునా కాదా చూసేటప్పుడు వేసవి అంటే జూన్, జులై, ఆగస్టు. మన ఏప్రిల్, మే కాదు. ఏప్రిల్–మే వేసుకుంటే చలికాలంతో తేడా 6 డిగ్రీలు దాటి హైపర్‌థర్మిక్ అయిపోతుంది. ఈ వైపు నేలలు ఐసోహైపర్‌థర్మిక్.

వంకపక్క

చాలా సంతోషం. కోల్, ఇ.ఎస్.పి.కి నమూనాలు మళ్లీ పంపిస్తున్నాం. గుంత 6 గురించి ఎవరూ చెప్పలేదు. వాలు పటం సంగతి కూడా. ఎర్రనేల, రేగడి మధ్య గీత శాటిలైట్ రంగును బట్టి గీశాం, అది నిలుస్తుందా?

కాంటూరు

రంగును బట్టి గీసిన గీత నిలవదు. గుంత 6 దానికి సాక్ష్యం.

ఎర్రనేలల నడుమ ఒకే చేను నల్లగా, అంచులు గట్ల వెంట చక్కగా నలుచదరంగా ఉంటే అది చెరువు మట్టి తోలిన చేను. ప్రకృతి సర్వే నంబరు చూసి రంగు మార్చదు. పొర 22 దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయిందా, కలిసిపోతూ దిగిందా చూడండి. నత్తగుల్ల ముక్కలు, పెంకులు కనిపిస్తే ఇంక సందేహం అక్కర్లేదు. 22 సెం.మీ. తోలుడు మట్టి కింది నేల పేరును మార్చలేదు. కానీ ఒక చిక్కు తెస్తుంది. పైన 36, కింద 28 బంక అంటే బంక దిగువకు పెరగలేదన్నట్టు కనిపిస్తుంది, ఆర్జిలిక్ లెక్క తప్పుతుంది. తోలుడు మట్టిని పై పొరగా పెట్టి ఆ పోలిక చేయకండి. అదే వాలులో మట్టి తోలని పక్క చేనులో గుంత తీయండి. పై పొర బంక 15–40 మధ్య ఉంటే కింద దానికి 1.2 రెట్లు ఉండాలి, పెళ్లల మీదా రంధ్రాల్లోనూ బంక పూత కూడా భూతద్దంతో కనిపించాలి. గుంత 6ను పటంలో ఎర్రనేలగానే ఉంచి 'చెరువు మట్టి తోలిన చేను' అని ఫేజ్ (ఉపవిభాగం) రాస్తే చాలు.

దీనికి తిరగబడ్డ కేసు కూడా ఉంటుంది. తిప్పల కింది భాగంలో పైనుంచి కొట్టుకొచ్చిన ఎర్రమట్టి 15–20 సెం.మీ. రేగడి మీద పరుచుకుంటుంది, శాటిలైట్‌లో ఎర్రగా కనిపిస్తుంది. రెండూ ఆగర్‌కే దొరుకుతాయి. తిప్ప నుంచి వంక వరకు వాలుకు నిలువుగా మూడు నాలుగు గీతలు వేసుకుని, 100 మీటర్లకోసారి 50 సెం.మీ. దాకా ఆగర్ దింపండి. రంగు మారే చోట దూరం 25 మీటర్లకు తగ్గించండి. సున్నానికి 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తూ పోతే, బుసబుస మొదలయ్యే చోటు రంగు మారే చోటుకు ముందే వస్తుంది తరచుగా. అసలు గీత ఎక్కడో అది చెప్పేస్తుంది.

ఇంకో సంగతి. గ్రానైట్ నైస్‌లో డోలరైట్ డైకులు పోతుంటాయి. ఎత్తున ఉన్నా సన్నని నల్ల చారలా, కిలోమీటర్ల తరబడి సూటిగా రేగడి కనిపిస్తే అది వంక తెచ్చిన రేగడి కాదు, ఆ నల్లరాయి అరిగి అక్కడే పుట్టింది. దాన్ని వంక పక్క రేగడితో ఒకే సిరీస్‌లో (ఒకే రకం లక్షణాలున్న నేలలకు పెట్టే పేరు) కలపొద్దు. లోతు, గరుసు, నీరు దిగే తీరు వేరుగా ఉంటాయి. భూగర్భ పటం పైన పెట్టి చూడండి.

వాలు గురించి: ఎస్ఆర్టీఎం లాంటి డీఈఎంలో ఎత్తులు పూర్తి మీటర్లలో ఉంటాయి. పక్క గడికి ఒక్క మీటరు తేడా పడితే 30 మీటర్లకు 1 మీటరు, 3.3 శాతం. అసలు 1 శాతం వాలు 30 మీటర్లకు 30 సెం.మీ. మాత్రమే, అది ఆ లెక్కకు అందదు. మీరు చదునులో చూస్తున్న 3–5 శాతం చాలావరకు ఈ మెట్లు, చెట్లు, గట్లే. 5×5 గడుల సగటు తీసి, 200–300 మీటర్ల దూరం మీద వాలు కట్టండి. 1–3, 3–5 తరగతుల మధ్య గీత మాత్రం నేలమీద డంపీ లెవెల్‌తోనో, ఆటో లెవెల్‌తోనో సరిచూసుకోవాల్సిందే. నీటి ప్రవాహం లెక్క కోసం గుంటలు పూడ్చే ఆప్షన్ నొక్కితే చెరువులు, కుంటలు కూడా పూడిపోయి నీళ్లు గట్టు దాటి పారినట్టు వస్తుంది. చెరువుల పొర విడిగా పెట్టుకోండి.

గడ్డపార

కాంటూరు గారి మాటకు చిన్న చేర్పు. పక్క చేనులో కొత్త గుంత తీసేటప్పుడు ఎండ పడే వైపు ముఖం ఉంచండి, మెట్లు ఎదుటి వైపు. తవ్విన మట్టి ఆ ముఖం పైన పోయొద్దు, దాని మీద నడవనూ వద్దు. పైమట్టి ఒక కుప్ప, కిందిది ఇంకో కుప్ప పోసి, పూడ్చేటప్పుడు వచ్చిన వరసలోనే వేయండి. కింది సున్నపు మట్టి పైన పడితే ఆ మడిలో రెండు మూడు పంటలు పసుపు పచ్చగానే ఉంటాయి, మళ్లీ ఆ ఊళ్లో గుంత తవ్వనివ్వరు. రేగడి గుంతను వాన ముందు తెరిచి వదిలేయకండి, గోడలు కూలతాయి. మున్సెల్ రంగు ఉదయం తొమ్మిది ముందు, సాయంత్రం నాలుగు తర్వాత చూడొద్దు, ఎర్రటి వెలుతురులో 5వైఆర్ కూడా 2.5వైఆర్ అనిపిస్తుంది. ఎర్రనేలల్లో రోడుస్టల్ఫా (ముదురు ఎర్రని ఆల్ఫిసాల్), హాప్లుస్టల్ఫా (మామూలుది) అన్నది ఆ ఒక్క పేజీ మీదే ఆధారపడి ఉంటుంది.

కొత్త సిరీస్ పేరు పెట్టే ముందు రాష్ట్రంలో ఉన్న సిరీస్‌ల లక్షణాల పరిధిలో మీ గుంత ఇముడుతుందేమో చూడండి. తెలంగాణలోని పటాన్‌చెరు, కాశిరెడ్డిపల్లి లాంటి సిరీస్‌లు ఎర్రనేలకూ రేగడికీ పేరుమోసినవే, కానీ అక్కడి వాన మీ వాన కాదు. పేరు మోసిందని తెచ్చి అతికించకండి. గుంత 9కి ఇ.ఎస్.పి. వచ్చాక ఇక్కడే అంకెలు పెట్టండి, 55–100 పొరది ముఖ్యంగా.